కమ్యూనిటీ హాల్లో కాస్త చప్పుడు కానివ్వండి: మా కాలనీ సంఘానికి బహిరంగ లేఖ

విజయనగరం

కాలనీ సంక్షేమ సంఘం ప్రెసిడెంటు గారికి, సెక్రటరీ గారికి, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం మన వాట్సాప్ గ్రూపులోనే పెడదామనుకున్నాను. పార్కింగు గొడవ తర్వాత అక్కడ అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి వీల్లేకుండా చేశారు కదా, అందుకని ఇలా అందరికీ కనబడేలా రాస్తున్నాను. కోపంతో రాయడం లేదు. కోపం కొంచెం ఉంది గానీ, నాలుగైదు పేరాలు దాటేసరికి అదే తగ్గుతుంది.

సంగతి మీకు తెలిసిందే. ఈ ఏడాది మిగులు డబ్బులోంచి 1,80,000 రూపాయలు తీసి కమ్యూనిటీ హాల్లో పిల్లలకి 'మ్యూజిక్ గేమ్ జోన్' పెట్టాలనుకుంటున్నారు. కొటేషను చూశాను. 55 అంగుళాల టీవీ, గేమ్ కన్సోల్, కళ్ళకి కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్లు రెండు, కాళ్ళతో తొక్కే డాన్సు మ్యాటు, మీటలున్న ప్లాస్టిక్ గిటార్లు రెండు, డ్రమ్ ప్యాడ్లు, ఆరు హెడ్‌ఫోన్లు. దాని కింద రెండు కారణాలు రాశారు. 'పిల్లలకు సంగీతంపై ఆసక్తి పెరుగును. ఇరుగుపొరుగు వారికి శబ్దం వలన ఇబ్బంది కలుగదు.'

మొదటి కారణం మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. నాచేత ఈ ఉత్తరం రాయించింది రెండోది.

జూన్ నెలలో మా ఇంటికి సంఘం నుంచి ఒక కాగితం వచ్చింది. మా అమ్మాయికి పదకొండేళ్ళు. పోయిన దసరాకి వయొలిన్ మొదలుపెట్టింది. సాయంత్రం ఆరు దాటాక సాధన ఆపమని ఆ కాగితం సారాంశం. అది స్కూలు నుంచి వచ్చేదే ఐదున్నరకి. మొహం కడుక్కుని, పాలు తాగి, విల్లుకి రోజిన్ రాసేసరికి ఆరవుతుంది. ఎవరు ఫిర్యాదు చేశారో నాకు తెలుసు. వాళ్ళు మంచివాళ్ళే, మెట్ల మీద కనబడితే "ఏటి బాబూ, గుంటకి పరీక్షలెలా అయ్యాయి?" అని అడిగే మనుషులే. వాళ్ళని తప్పుపట్టను. మొదటి ఆరు నెలల వయొలిన్ వినడం ఎంత కష్టమో ఆ ఇంట్లోనే ఉండే నాకన్నా ఎవరికి తెలుస్తుంది? నూనె లేని తలుపు కీలు తెరిచినట్టుంటుంది. మా అమ్మ ఆ అరగంటా గుడికి వెళ్ళిపోయేది. ఆవిడకి భక్తి ఈ ఏడాదే ఇంతగా పెరిగింది.

కానీ వినాయక నిమజ్జనం నాడు మన గేటు ముందు డీజే బాక్సులు రాత్రి పన్నెండు దాకా మోగాయి. మా వంటింట్లో అలమరలో గిన్నెలు వాటంతటవే కదిలాయి. దానికి చందా నేనూ ఇచ్చాను, నేనూ ఎగిరాను, కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు. ఒక్కటే అడుగుతాను. అద్దెకి తెచ్చిన చప్పుడుకి అర్ధరాత్రి దాకా అనుమతి ఉన్నప్పుడు, మన పిల్ల సొంతంగా చేసే చప్పుడు ఆరింటికే ఎందుకు ఆగిపోవాలి?

ఇక గేముల సంగతి. వీడియో గేముల గురించి తెలియకుండా తిట్టే పెద్దమనిషిని కాదు నేను. 2008లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు మా ఆఫీసు క్యాంటీన్ పక్క గదిలో 'గిటార్ హీరో' ఉండేది. ఆ గేమ్ మొదట వచ్చింది 2005లో. ప్లాస్టిక్ గిటార్ మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల మీటలు ఐదు ఉంటాయి. తీగలుండవు, వాటి చోట కిందికీ పైకీ ఆడే ఒక పట్టీ ఉంటుంది. తెర మీద రోడ్డులాంటిది మనవైపు వస్తూ ఉంటుంది, దాని మీద రంగు చుక్కలు దొర్లుకుంటూ వస్తాయి. చుక్క గీత దగ్గరికి వచ్చిన క్షణాన ఆ రంగు మీట నొక్కి పట్టీ ఆడించాలి. లంచ్ మానేసి మరీ ఆడేవాణ్ణి. అన్నిటికన్నా కష్టమైన లెవెల్లో కూడా పాటలు పూర్తి చేశాను. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, ఈ ఉత్తరంతో తెలుస్తుంది.

మా టీములో నిజంగా గిటార్ వాయించే కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాణ్ణి ఒకరోజు బలవంతంగా ఆడించాం. మధ్య లెవెల్లోనే పాట సగంలో ఆగిపోయింది. "ఏంటి గురూ, నీ గిటార్ ఇదేనా" అని తెగ నవ్వాం. వాడు ఏమీ అనలేదు. ఆ శనివారం తన రూముకి పిలిచి అసలు గిటార్ నా ఒళ్ళో పెట్టాడు. తీగ నొక్కితే టప్‌మని చచ్చిన చప్పుడు వచ్చింది. ఇంకా గట్టిగా నొక్కితే వేలి చివర గీత పడింది. గంటసేపు కుస్తీ పట్టి, కొన్ని తీగలు కలిపి మోగించే 'కార్డు' ఒక్కటి కూడా శుభ్రంగా పలికించలేకపోయాను. నాకొచ్చింది గిటార్ కాదనీ, గిటార్ ఆకారంలో ఉన్న ఇంకో ఆట అనీ ఆరోజు తెలిసింది. ఆ ఆట నాకు బాగానే వచ్చు, ఇప్పటికీ వచ్చనే అనుకుంటున్నాను. కానీ అది వేరు, ఇది వేరు.

ఆ గేముల్లో పాట ముందే ఉంటుంది. ఎవరో మహానుభావుడు ఎప్పుడో స్టూడియోలో వాయించి రికార్డు చేసి పెట్టాడు. నువ్వు సరిగ్గా మీట నొక్కితే ఆయన వాయించిన ముక్క వినిపిస్తారు. తప్పితే ఆ ముక్క ఆపేసి టక్కుమని ఒక శబ్దం చేస్తారు, తెర మీద జనం గోల పెడతారు. అంటే పిల్లవాడు వాయించడం లేదు, వినడానికి టిక్కెట్టు కొనుక్కుంటున్నాడు. అందుకే మొదటి రోజే అంత తియ్యగా ఉంటుంది. మా అమ్మాయి పడిన ఆ ఆరు నెలల కీచులు అందులో ఉండవు. దాని వయొలిన్లో వచ్చే ప్రతి శబ్దమూ, కీచుతో సహా, అది చేసిందే.

ఇంకో తేడా నాకు మావాడి వల్ల తెలిసింది. వాడికి ఎనిమిదేళ్ళు. ఫోన్లో నల్లపలకలు కిందికి జారుతుంటే నొక్కే పియానో ఆట ఉంది చూడండి, అందులో వాడు మొనగాడు. బొటనవేళ్ళు కనబడవు. అక్కకి వయొలిన్ చెప్పే మాస్టారు ఒకరోజు వీణ్ణి కూర్చోబెట్టి ఆది తాళం వెయ్యమన్నారు. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, తర్వాత దెబ్బా విసురూ రెండుసార్లు. మొత్తం ఎనిమిది లెక్కలు, అదొక ఆవృతం. రెండు ఆవృతాలు బాగానే వేశాడు. మూడో ఆవృతానికి వేగం పెరిగింది, ఐదోదానికి పరుగు. మాస్టారు నవ్వి, "వీడికి లయ లేకపోలేదండీ, ఖాళీలో నిలబడడం రాలేదు" అన్నారు. గేములో కాలాన్ని తెర మోస్తుంది. చుక్క వచ్చినప్పుడు నొక్కితే చాలు, రానప్పుడు చేతులూపుకుంటూ నిలబడొచ్చు. తాళంలో మాత్రం ఏమీ మోగని చోట కూడా లెక్క మనసులో నడవాలి, దాన్ని మోసేవాడు నువ్వే. ఇప్పుడు వాడు రోజూ అక్క సరళీ వరుసలనే మొదటి పాఠాలు వాయిస్తుంటే తాళం వేస్తున్నాడు. మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ. మూడో కాలంలో ఇద్దరూ కొట్టుకుంటారు, తప్పు నీదంటే నీదని.

గేములన్నీ ఒక్కలాంటివి కావని కూడా చెప్పాలి. డ్రమ్స్ గేము నిజానికి చాలా దగ్గరగా వెళ్తుంది, ఎందుకంటే అక్కడ చెయ్యి చేసే పనే అసలు పని. 2011లో వచ్చిన 'రాక్‌స్మిత్' అనే గేములో ప్లాస్టిక్ బొమ్మ కాదు, నిజం గిటార్‌నే వైరుతో కన్సోల్‌కి తగిలించి వాయిస్తారు. అలాంటిది పెడతామంటే నా చందా నేనే పెంచుకుంటాను. మీ కొటేషన్లో అది లేదు.

ఉన్నవాటిలో రెండు వీఆర్ హెడ్‌సెట్లకే ఎక్కువ డబ్బు పోతోంది. వాటిని తయారుచేసే కంపెనీలే ఒకటి పదేళ్ళలోపు పిల్లలకి వద్దంటుంది, ఇంకొకటి పన్నెండేళ్ళలోపు వాళ్ళకి వద్దంటుంది. సాయంత్రం మన పార్కులో ఆడే పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టండి. సగానికి పైగా ఆ లోపు వాళ్ళే.

వస్తువు ఎన్నాళ్ళుంటుందనేది కూడా చూడాలి. 'గిటార్ హీరో' గేముల్ని ఆ కంపెనీ 2011లో ఆపేసింది. మళ్ళీ 2015లో కొత్తది తెచ్చింది, అందులో మీటలు మూడేసి చొప్పున రెండు వరసలు చేసేసింది. పాత ప్లాస్టిక్ గిటార్లు దానికి పనికిరాలేదు. వందల పాటలు ఇంటర్నెట్టు ద్వారా వచ్చేవి. 2018 డిసెంబరులో ఆ సర్వీసు మూసేస్తే, డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళకి డిస్కులో ఉన్న 42 పాటలు మిగిలాయి. మూడేళ్ళు. మా పెద్దత్తగారింట్లో బొబ్బిలి వీణ ఉంది, ఆవిడ పెళ్ళికి గొల్లపల్లిలో చేయించింది. పనస మొద్దు తొలిచి చేసినది. తీగల కింద వేళ్ళకి చోటు చూపించే 24 మెట్లని పట్టే మైనాన్ని మాత్రం మధ్యలో రెండుసార్లు మళ్ళీ వేయించారు. అంతే. ఇప్పుడు ఆవిడ మనవరాలు వాయిస్తోంది.

వీణ అంటే గుర్తొచ్చింది. పోయినేడు మన వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథికి శాలువా కప్పి, గాజుపెట్టెలో ఉన్న బుల్లి బొబ్బిలి వీణ ఇచ్చాం. మన జిల్లాలో ఏ సభ జరిగినా అదే ఇస్తారు. అందంగా ఉంటుంది, చేసినవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తాయి, దాన్ని నేను తప్పనను. కానీ అది మోగదు. ఆ మోగని వీణా, హెడ్‌ఫోన్లలో తప్ప వినబడని ఈ గేమ్ జోనూ నా కంటికి పక్కపక్కనే కనబడుతున్నాయి. సంగీతం ఉందని చూపించుకోవచ్చు, ఎవరి చెవికీ ఏ కష్టమూ ఉండదు.

ఘంటసాల గారు ఈ ఊళ్ళో ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకునే మధూకరం చేసుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్న సంగతి చెప్పి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు. ప్రెసిడెంటు గారు ప్రతి మీటింగులోనూ మైకు పట్టుకోగానే చెప్పేది అదే. నేను ఇంకో సంగతి గుర్తుచేస్తాను. మన మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టారు. సంస్థానంలో పనిచేసే ఒకాయనకి కళ్ళు కనబడని కొడుకు ఉంటే, ఆ పిల్లాడికి సంగీతం చెప్పించడానికే విజయరామ గజపతి రాజుగారు దాన్ని పెట్టారని ఊళ్ళో చెప్పుకుంటాం. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయిద్యం విని వయొలిన్ చెప్పే ఉద్యోగమే ఇచ్చారంటారు. ఆయనకీ చూపు అంతంతమాత్రమే. తర్వాత 1936లో ఆ కళాశాలకి ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

మన గేమ్ జోన్లో కళ్ళు కనబడని ఆ పిల్లాడు ఏం చేస్తాడు చెప్పండి? తెర మీద చుక్క కనబడకపోతే అక్కడ పనే లేదు. మావాడి ఫోను గేముని ఒకరోజు సౌండు పూర్తిగా తీసేసి ఇచ్చాను, వాడికి చెప్పకుండా. వాడు పాయింట్లు అంతే తెచ్చుకున్నాడు! మధ్యలో ఒకసారి "సౌండ్ రావట్లేదు నాన్నా" అన్నాడు గానీ ఆట ఆపలేదు. వయొలిన్‌కి మెట్లు కూడా ఉండవు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించే గుర్తు దాని మీద ఏదీ లేదు. మొదట్లో మా అమ్మాయి దాని మీద చిన్న స్టిక్కర్లు అంటించుకుంది, రెండో నెలలో మాస్టారు పీకేశారు. పిల్ల ఏడ్చింది. "కంటితో వెతక్కు తల్లీ, చెవితో వెతుకు" అన్నారాయన. ఫోన్లో ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతి యాప్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పంచమం ('ప' స్వరం) దొరికేదాకా వేలిని జరుపుతూ కూర్చుంటుంది. ఫోను వల్ల ఉపయోగం లేదని నేననను, ఆ శ్రుతి ఎప్పుడూ తప్పదు.

ఆ వెతుకులాటలోనే ఒకసారి తమాషా జరిగింది. మున్సిపాలిటీ చెత్తబండి రోజూ పొద్దున్నే పాట పెట్టుకుని వస్తుంది కదా. ఒక ఆదివారం మా అమ్మాయి ఆ ట్యూను ఎవరూ చెప్పకుండా తనే వయొలిన్ మీద పట్టేసింది. సగం స్వరాలు పక్కకి జారాయి గానీ ట్యూను తెలిసిపోతోంది. బాల్కనీలోంచి చూద్దును కదా, కింద పోర్షన్ మామ్మగారు చెత్తబుట్ట పట్టుకుని గేటు దాకా వెళ్ళి అటూ ఇటూ చూస్తున్నారు. బండి లేదు. పైకి చూసి "ఓసి గుంటా, నువ్వటే!" అని నవ్వారు. మా పిల్ల ఆరోజు ఎగిరిన ఎగురు నేను లక్ష పాయింట్లు కొట్టిన రోజు కూడా ఎగరలేదు. గేములో లేని పాట వాయించడానికి వీలుండదు. లేని పాటని, ఉన్న పాటని తప్పుగా, నెమ్మదిగా, తనకి నచ్చినట్టు వాయించుకోవడానికి చెక్కా తీగా కావాలి. పక్కింటివాళ్ళ ఓర్పు కూడా కావాలి.

కాబట్టి నా మనవి ఇది. టీవీ, కన్సోల్ పిల్లలు ఆశపడుతున్నారు, తెప్పించండి. మావాడైతే రోజులు లెక్కపెడుతున్నాడు, వాడి ఉసురు నాకొద్దు. హెడ్‌సెట్లు, ప్లాస్టిక్ గిటార్లు తీసేయండి. ఆ డబ్బుతో పిల్లల సైజు వయొలిన్లు మూడు, ఒక కీబోర్డు, ఒక మృదంగం, రెండు డప్పులు కొని హాల్లో బీరువాలో పెడదాం. నేర్చుకునేవాళ్ళకి ఐదారు వేలల్లో వయొలిన్ దొరుకుతుంది. కొనలేని ఇళ్ళ పిల్లలు, వాచ్‌మన్ గారి పిల్లలతో సహా, అక్కడే తీసుకుని అక్కడే పెట్టేయొచ్చు. సంగీత కళాశాలలో డిప్లొమా చేస్తున్నవాళ్ళు, చేసి ట్యూషన్ల కోసం వెతుకుతున్నవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళలో ఒకరిని వారానికి మూడు రోజులు పిలుద్దాం, నెలయ్యేసరికి జీతం ఇద్దాం. 'అవకాశం ఇస్తున్నాం' అని ఊరికే రమ్మనొద్దు. మన సిరిమాను పండక్కి తప్పెటగుళ్ళ బృందాలు వస్తే ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తాం. రేకు వాయిద్యాన్ని గుండెలకి కట్టుకుని గెంతుతూ, పాడుతూ, లయ తప్పకుండా వాయించే ఆ కళాకారుల్ని నెలకో ఆదివారం పిలిచి, డబ్బులిచ్చి, మన పిల్లలకి రెండు దెబ్బలు చెప్పించమందాం. డాన్సు మ్యాటు మీద తొక్కుడు కన్నా అది బాగుంటుందని నా నమ్మకం. పోటీ పెట్టి చూడొచ్చు కూడా.

వీటన్నిటికన్నా ముందు కావలసినదానికి పైసా ఖర్చు లేదు. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా కమ్యూనిటీ హాలు తాళం తీసి ఉంచండి, అక్కడ ఎవరి పిల్ల ఏది వాయించినా ఎవరూ ఫిర్యాదు చెయ్యకూడదని తీర్మానం చెయ్యండి. హాలు వెనక గోడ వైపు ఇళ్ళు లేవు, ఆ వైపు కిటికీలు తెరిచి ముందువైపువి మూసుకుంటే చాలు. ఇళ్ళకి కూడా ఏడున్నర దాకా గడువు పెంచండి. పరీక్షల నెలలో కావాలంటే తగ్గించుకుందాం. మా అమ్మని గుడి నుంచి కాస్త ఆలస్యంగా రమ్మంటాను.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగులో ఈ విషయం ఓటింగుకి పెట్టమని సెక్రటరీ గారిని కోరుతున్నాను. 'గిటార్ హీరో' ఆడగలిగే కార్యవర్గ సభ్యులెవరైనా ఉంటే టీవీ వచ్చాక నాతో పందెం వేసుకోవచ్చు, ఓడిపోయినవాళ్ళు ఒక డప్పు కొనిపెట్టాలి. మీటింగుకి మా అమ్మాయి వయొలిన్ తెస్తానంటోంది. ఇంటి దగ్గర శ్రుతి చేసుకుని వచ్చినా, హాల్లో ఫ్యాన్ల గాలికి తీగలు మళ్ళీ జారతాయి. సరిచేసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఎజెండాలో వేయండి.

ఇట్లు,
బి బ్లాకు రెండో అంతస్తులో వయొలిన్ మోగే ఇంటి వాడు